అక్క పొలం, బావ ఖాతా

బావ రిటైరవడానికి ఇంకా మూడు నెలలుందనగా ఒక ఆదివారం పొద్దున్నే నాకు ఫోన్ చేశాడు.

"ఏంటయ్యా, తెనాలిలో అందరికీ లెక్కలు చెబుతావట. అక్క మొగుడికి చెప్పవా?" అన్నాడు.

బావ నన్ను ఏదైనా అడిగితే అడిగినట్టు ఉండదు. నా వల్లే ఏదో ఆలస్యమైనట్టు ఉంటుంది. మధ్యాహ్నం భోజనానికి బాపట్ల వస్తానని చెప్పాను.

నేను లెక్కలు చెబుతానన్న మాట నిజమే కానీ, చదువుకుని నేర్చుకున్నవి కావు. నాది తెనాలిలో మోటార్ల విడిభాగాలు, పంపుసెట్ల సామాను అమ్మే చిన్న షాపు. షాపు వాడికి పెన్షన్ ఉండదు. నలభై దాటాక ఒకసారి నడుం పట్టేసి వారంపాటు షట్టరు ఎత్తలేకపోయాను. అప్పుడు మొదటిసారి, ఇది ఎప్పటికీ ఎత్తలేని రోజు వస్తే ఎలాగన్న ఆలోచన పుట్టింది. అప్పటి నుంచి పన్ను నిబంధనలు, పొదుపు పథకాల షరతులు చదవడం మొదలుపెట్టాను. మొదట్లో ఒక్క వాక్యం కూడా తలకెక్కేది కాదు. తర్వాత ఒక పద్ధతి కుదిరింది. అర్థం కాని నిబంధనలో నా సొంత డబ్బు వేసి చూసుకునేవాణ్ణి. "ఖాతాదారు" అని ఉన్నచోట నా పేరు, "జమ చేసిన మొత్తం" అని ఉన్నచోట నేను నిజంగా దాచిన రూపాయలు. అలా చేస్తే ఎంత ముడిపడ్డ వాక్యమైనా విడిపోయేది. ఇప్పుడు బడ్జెట్ రోజు సాయంత్రం చుట్టుపక్కల షాపుల వాళ్ళు వచ్చి నా కౌంటరు ముందు స్టూళ్ళు వేసుకుంటారు. అది నాకు ఇష్టమైన సాయంత్రం.

బావది వేరే బతుకు. ప్రభుత్వ ఆఫీసులో గుమస్తాగా చేరి సూపరింటెండెంటుగా దిగుతున్నాడు. పాత పద్ధతి పెన్షన్ వస్తుంది. ఆఫీసులో ఇతరుల పెన్షన్ కాగితాలన్నీ చక్కగా చేసిపెట్టినవాడు. తన సొంత డబ్బు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఒకటే సూత్రం. ఉన్నదంతా ఒకే బ్యాంకులో, ఒకే ఖాతాలో, తన పేరు ముందు, అక్క పేరు వెనక.

భోజనం అయ్యాక హాల్లో కూర్చుని తన ప్లాను చెప్పాడు. రిటైరైన రోజుల్లో చేతికి వచ్చేది నలభై లక్షలు. దానికి తోడు అక్క పొలం అమ్మితే మరో నలభై. రెండూ కలిపి డిపాజిట్ చేస్తే పెన్షన్, వడ్డీ కలిపి నెలనెలా ఎంత వస్తుందో చెప్పమన్నాడు.

అక్క పొలం అంటే రేపల్లె దగ్గర ఎకరం. మా నాన్న అక్కకు పెళ్ళిలో పసుపు కుంకుమ కింద రాసి ఇచ్చాడు. మా వైపు చాలామంది ఆడపిల్లలకు నోటిమాటతోనే ఇస్తారు. మా నాన్న మాత్రం రిజిస్టరు చేయించాడు. అప్పటి నుంచి ఆ పొలం కౌలుకే ఉంది. కౌలు తక్కువ. పక్క పొలం రైతు ఎప్పటి నుంచో అడుగుతున్నాడు, ఈసారి మంచి ధరకు వచ్చాడు. బేరం కుదిరి, లక్ష రూపాయలు బయానా కూడా ఇచ్చేశాడు.

"బయానా ఎవరి ఖాతాలో పడింది బావా?" అని అడిగాను.

"ఎవరి ఖాతా ఏంటి? మా ఖాతాలో."

"ముందు పేరు మీదేగా?"

"మరి ఎవరిదుంటుంది, నీదా?" అన్నాడు.

వడ్డీ లెక్క వేసి చెబుతానని లేచి, మంచినీళ్ళ కోసం వంటింట్లోకి వెళ్ళాను. అక్క మిగిలిన పప్పుచారు చిన్న గిన్నెలోకి వంచుతోంది. గొంతు తగ్గించి అడిగింది.

"ఏరా, పొలం అమ్మేశాక ఇంక అది ఎవరిదిరా?"

"కొన్నవాళ్ళది."

"నేనడిగేది అది కాదు. ఆ డబ్బు."

నేను గ్లాసులో నీళ్ళు వంచుకుంటుంటే అక్కే అంది. "పొలం ఉన్నన్నాళ్ళూ నాది అనుకోవడానికి ఒకటుంది. మీ బావ మంచివాడే, నన్ను ఏనాడూ ఒక మాట అనలేదు. కానీ ఏది కొనాలన్నా ఆయన్ని అడిగే కొన్నాను. ఆ పొలం కౌలు కింద వచ్చే బియ్యం మాత్రం ఎవరికి పెట్టినా ఆయన అడగలేదు. అది నీ పొలమేగా అని ఆయనే అనేవాడు. ఇప్పుడది డబ్బయిపోయి ఆ ఖాతాలో కలిసిపోతే, ఇంక నాది అని దేన్ని చూపించుకుంటాను?"

"అమ్మడం ఇష్టం లేదా?"

"అమ్మడం ఇష్టమే. కౌలు కోసం ఏటా ఫోన్లు చేసే ఓపిక నాకూ లేదు. ఆయనకి చెప్పడమే ఎలాగో తెలీదు. నా పేరున వెయ్యమంటే, నలభై ఏళ్ళ తర్వాత నమ్మకం లేదన్నట్టు ఉంటుంది."

అక్క చెప్పింది నిజమే. అక్క నోటితో అంటే అపనమ్మకం. నేనంటే ఇంకా పెద్ద గొడవ. పుట్టింటివాడు వచ్చి పొలం డబ్బు సంగతి మాట్లాడాడంటే రెండు కుటుంబాల మధ్య మాటపట్టింపు వస్తుంది. మా బావా నేనూ ఒకరినొకరు ఎంతైనా ఆటపట్టించుకుంటాం కానీ, ఇలాంటి చోట కాదు.

సాయంత్రం తెనాలి వెళ్ళే రైల్లో నా అలవాటు ప్రకారం నిబంధనలో అక్కబావల డబ్బు వేసి చూడడం మొదలుపెట్టాను. నిడుబ్రోలు దాటేసరికి నాకు సంతోషంగా అనిపించింది. అక్క అడగలేని మాట పన్ను లెక్క తనంతట తనే అడుగుతోంది.

ఆదాయపు పన్ను కొత్త పద్ధతిలో ఏడాది ఆదాయం పన్నెండు లక్షల లోపు ఉంటే పన్ను కట్టక్కర్లేదు. బావ పెన్షన్, తన నలభై లక్షల మీద వడ్డీ కలిపినా ఆ గీతకు బాగా కిందే ఉంటాడు. పొలం డబ్బు మీద వడ్డీ కూడా ఆయన లెక్కలోనే పడితే, పెన్షన్‌దారుకు ఇచ్చే మినహాయింపు తీసేశాక కూడా గీత దాటి నలభై వేలు పైకి వెళతాడు. గీత కొద్దిగా దాటినవాళ్ళకు చిత్రమైన సంగతి ఒకటుంది. దాటిన డబ్బు దాదాపు అంతా పన్ను కిందే పోతుంది. అదే వడ్డీ అక్క పేరున వస్తే ఇద్దరికీ పన్ను లేదు.

రెండోది అరవై దాటినవాళ్ళకు ప్రభుత్వం ఇచ్చే పొదుపు పథకం. బ్యాంకు డిపాజిట్ కన్నా వడ్డీ ఎక్కువ, మూడు నెలలకోసారి ఖాతాలో పడుతుంది. మనిషికి ముప్ఫై లక్షల వరకే వేయనిస్తారు. అక్కకూ అరవై ఒకటి వచ్చింది కాబట్టి ఆమె పేరున ఇంకో ముప్ఫై వేసుకోవచ్చు. ఇక్కడ నాకో అనుమానం ఉండిపోయింది. జాయింటుగా తెరిస్తే చెరి సగం లెక్కేస్తారని అనుకునేవాణ్ణి. మర్నాడు మా షాపు లెక్కలు చూసే ఆడిటరును అడిగితే కాదన్నాడు. పేర్లు రెండున్నా మొత్తం డబ్బు ముందు పేరున్న మనిషిదిగానే లెక్క. అంటే బావ అలవాటు ప్రకారం ఖాతా తెరిస్తే అక్క వాటా ముప్ఫై లక్షలూ వాడుకోకుండా మురిగిపోతుంది. వడ్డీలో వచ్చే తేడా, తప్పిపోయే పన్ను కలిపితే ఏడాదికి డెబ్బై అయిదు వేలు దాటుతోంది.

పొలం అమ్మకం మీద పన్ను పడుతుందా అన్నది కూడా చూసుకోవాలి. పట్టణానికి దూరంగా ఉన్న సాగుభూమి అయితే పడదు. ఆ దూరాన్ని పట్టణం జనాభాను బట్టి పెట్టారు, కొలవడం మాత్రం రోడ్డు మీద కాదు, మునిసిపాలిటీ పొలిమేర నుంచి తిన్నగా గాలిలో గీత గీసినట్టు కొలవాలి. మ్యాపులో చూస్తే దూరం సరిపోయింది. అయినా కళ్ళతో చూడకుండా చెప్పడం నాకు చేతకాదు. పై ఆదివారం అక్కను తెనాలి రమ్మని, అక్కడి నుంచి ఇద్దరం రేపల్లె రైలెక్కాం.

పొలంలో మినుము పీకేసి ఉంది. గట్టు మీద నిలబడి ఫోన్లో మ్యాపు తీసి, పట్టణం పొలిమేర దాకా గీత గీసి, పన్ను పడనంత దూరమేనని అక్కకు చూపించాను.

"గాల్లో కొలిచేదానికి ఇంతదూరం నడిపించావేంట్రా?" అంది.

"నీ పొలం నువ్వు చూసుకుంటావని."

అక్క కొంచెంసేపు అటూ ఇటూ చూసింది. పొలం చూసి ఏడుస్తుందేమోనని భయపడ్డాను. "నాన్న ఈ గట్టు ఎందుకు ఇంత వంకరగా ఉంచాడో నాకు ఇప్పటికీ తెలీదు" అని మాత్రం అంది. తిరిగి వస్తుంటే రైల్లో పన్నెండు లక్షల గీత, ముందు పేరు, వెనక పేరు అన్నీ చెప్పాను. శ్రద్ధగా విని, ఒకే ప్రశ్న వేసింది.

"పన్ను పడకపోయినా నా పేరున వెయ్యమనేవాడివా?"

"అనేవాణ్ణి. కాకపోతే బావ వినేవాడు కాదు."

"ఇప్పుడు మాత్రం వింటాడా?"

"డెబ్బై అయిదు వేలంటే వింటాడు" అన్నాను. అక్క కిటికీ వైపు తిరిగి నవ్వింది.

అంత తేలిగ్గా వినలేదు. ఆ వారం బాపట్ల వెళ్ళి లెక్క చెప్పినప్పుడు బావ కళ్ళజోడు పెట్టుకుని ప్రతి అంకె ఆపి ఆపి అడిగాడు. ఆఫీసులో ఫైలు తిప్పిపంపడానికి లొసుగు వెతికినట్టే వెతికాడు. అంకెల్లో దొరకలేదు. అప్పుడు వేరే దారి తీశాడు.

"సరే, ఆవిడ పేరునే వేద్దాం. దానికేంటి. ముందు డబ్బంతా నా ఖాతాలో పడనీ, తర్వాత నేనే ఆవిడ పేరున మారుస్తాను. రైతు బయానా కూడా నాకే ఇచ్చాడు, రేపు రిజిస్ట్రేషన్ ఆఫీసులో నలుగురి ముందు వేరేగా ఏం చెబుతాం?"

సరిగ్గా ఈ పొరపాటే మా వైపు ఇళ్ళల్లో జరుగుతుంది. పొలం ఆవిడదని అందరూ ఒప్పుకుంటారు. ఎవరూ ఒక్క గజం కాజేయరు. డబ్బు మాత్రం మగవాడి చేతి మీదుగా పోతేనే మర్యాదగా ఉంటుందనుకుంటారు. ఆయన చేతిలోంచి మళ్ళీ ఆవిడకే ఇస్తాడు కదా, నష్టమేంటి అనుకుంటారు.

"అలా మారిస్తే రికార్డులో అది మీరు అక్కకిచ్చిన డబ్బు అవుతుంది బావా. భర్త భార్యకు ఊరికే ఇచ్చిన డబ్బు మీద వచ్చే వడ్డీని భర్త ఆదాయంలోనే కలుపుతారు. మళ్ళీ మీరు గీత దాటుతారు. అది మా నాన్న ఇచ్చిన పొలం తాలూకు డబ్బని రేపు ఎవరికైనా చూపించాలంటే, పొలం నుంచి తిన్నగా అక్క ఖాతాలోకి రావాలి. మధ్యలో మీరు ఉండకూడదు."

"నేను మధ్యలో ఉండకూడదా?"

"ఖాతాల మధ్య."

బావ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "పన్ను సంగతి సరేనయ్యా. నిజం చెప్పు. ఇది ప్రభుత్వం అడుగుతోందా, మీ అక్క అడుగుతోందా?"

అక్క గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. అబద్ధం చెప్పడానికి నాకు అవకాశం ఉంది కానీ, తప్పు అంకె చెప్పినట్టే అనిపించింది.

"ఇద్దరూ అడుగుతున్నారు బావా."

బావ అక్కను చూశాడు. "నువ్వు నన్నే అడగొచ్చుగా" అన్నాడు.

"అడిగితే ఏమనేవారు?"

బావ నిజాయితీగానే ఆలోచించాడు. "నా ఖాతాలో ఉంటే నీది కాకుండా పోతుందా అనేవాణ్ణి."

"అందుకే అడగలేదండీ" అంది అక్క.

బావ లేచి బజారుకు వెళ్ళాడు. కోపంగా వెళ్ళాడా, ఊరికే వెళ్ళాడా నాకు తెలియలేదు. ఆ రోజుకి మాట ఎటూ తేలలేదు. నేను తిరిగి తెనాలి వచ్చేశాను. షాపులో ఉన్నా మనసంతా బాపట్లలోనే ఉంది. లెక్క సరిగ్గా వచ్చాక కూడా ఫలితం తెలియకపోవడం నాకు అలవాటు లేని బాధ. రెండు రోజుల తర్వాత అక్క ఫోన్ చేసి, తన పేరున విడిగా ఒక పొదుపు ఖాతా తెరిచామని, బయానా లక్ష అందులోకి మార్చాడని చెప్పింది. "పొలం బయానా, నాది నాకు తిరిగి ఇచ్చినట్టు రాయించాడు. నువ్వు చెప్పావుగా, ఆయన నాకిచ్చిన డబ్బు అయిపోకూడదని. రాయిస్తున్నంతసేపూ మాత్రం నన్ను చూడలేదు" అంది. మిగతా డబ్బు ఎటు వస్తుందో అడిగే ధైర్యం తనకు లేకపోయిందట. నాకూ లేకపోయింది.

రిజిస్ట్రేషన్ రోజు రేపల్లెలో అందరం కలిశాం. కొనే రైతు పెద్దమనిషి, తెల్లచొక్కా ఇస్త్రీ మడత నలగకుండా వచ్చాడు. దస్తావేజు చదివారు. అక్క పేరు, మా నాన్న పేరు, హద్దులు, వంకర గట్టుతో సహా సరిపోయాయి. డీడీ తీయడానికి బ్యాంకుకు వెళ్ళబోతూ ఆ రైతు అలవాటు కొద్దీ బావ వైపు తిరిగాడు.

"డీడీ మీ పేరునే తీయించమంటారా బావగారూ?"

ఆయన బావకు ఏమీ కాడు. మా వైపు బేరం కుదిరితే వరసలు కూడా కుదురుతాయి. నేను నేల చూపులు చూస్తున్నాను. నోరు విప్పానంటే నలుగురి ముందు బావను చిన్నబుచ్చినట్టే. అక్క చీర కొంగు వేలికి చుట్టుకుంటోంది.

బావ గొంతు సవరించుకున్నాడు. "పొలం నాదేంటండీ నన్నడగడానికి? ఆవిడది. ఆవిడనే అడగండి."

రైతు కొంచెం తడబడ్డాడు. తర్వాత అక్క వైపు తిరిగి, "ఏమ్మా, ఎవరి పేరున తీయమంటారు?" అన్నాడు.

అక్క తన పేరు ఇంటిపేరుతో సహా మొత్తం చెప్పింది. అక్షరం తప్పు పోతుందేమోనని రెండోసారి కూడా చెప్పింది. బయటికొచ్చాక బావ నా భుజం మీద చెయ్యేసి, "నేను మధ్యలో లేనుగా?" అన్నాడు. "లేరు బావా." "నువ్వూ ఉండకు. ఫీజు ఏమన్నా కావాలంటే టీ ఇప్పిస్తాను" అన్నాడు.

డీడీ అక్క ఖాతాలో జమ అయ్యాక బాపట్లలో పొదుపు పథకం ఖాతా తెరవడానికి బ్యాంకుకు వెళ్ళాం. బావ రిటైరై అప్పటికి పది రోజులే. తన ముప్ఫై లక్షల ఖాతా ముందే తెరిచేశాడు. ఇంక ఆఫీసు లేని మనిషి కనుక అక్క కాగితాలన్నీ ప్లాస్టిక్ కవరులో వరసగా సర్దుకొచ్చి, అడిగినవి అడిగినట్టు అందించాడు. నాకు పనే లేకుండా పోయింది. కౌంటరులో ఉన్నామె చిన్న వయసుది, ఓపికగా ఒక్కొక్కటీ అడుగుతోంది.

"జాయింటుగా తెరుస్తారా, మీ ఒక్కరి పేరునేనా అమ్మా?"

"నా ఒక్కదాని పేరునే."

బావ కవరు సర్దుకుంటున్నాడు, వినపడనట్టే ఉన్నాడు.

"నామినీ ఎవరిని పెట్టమంటారు?"

"నా పేరు రాయండమ్మా" అన్నాడు బావ, జేబులోంచి ఆధార్ కార్డు తీస్తూ.

"ఉండండి" అంది అక్క.

బావ చెయ్యి జేబు దగ్గరే ఆగిపోయింది. నేను పక్కకు తిరిగి గోడ మీద వడ్డీ రేట్ల బోర్డు చదవడం మొదలుపెట్టాను. అది నాకు కంఠతా వచ్చు.

"నామినీ పేరు తర్వాత మార్చుకోవచ్చా అమ్మా?" అని అక్క ఆ అమ్మాయిని అడిగింది.

"ఎప్పుడైనా మార్చుకోవచ్చండీ."

"ఎన్నిసార్లైనా?"

"ఫారం ఇచ్చి మార్చుకోవచ్చమ్మా."

"నేనొక్కదాన్నే సంతకం పెడితే చాలా?"

"మీ ఖాతా కదండీ, మీరొక్కరే చాలు."

అక్క బావ చేతిలోంచి ఆధార్ కార్డు తీసుకుని కౌంటరు మీద పెట్టింది. "అయితే ఆయన పేరే రాయండి" అంది.

"ఇంత ఇంటర్వ్యూ నేను ఉద్యోగానికి కూడా ఇవ్వలేదు" అన్నాడు బావ.

ఆ అమ్మాయి నవ్వు ఆపుకుంటూ కాగితం అక్క వైపు తిప్పి, సంతకం చేయాల్సిన చోటు వేలితో చూపించింది. అక్క పెన్ను తీసుకుని, తొందరేమీ లేకుండా, కింద గీత కూడా గీసి సంతకం చేసింది.